పేడ నుంచి మంట దాకా: బయోగ్యాస్ తయారీలో ఏ దశలో ఏం చూడాలి, ఎలా కొలవాలి

బయోగ్యాస్ ట్యాంకు నడిపేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "నిన్నటిదాకా బాగానే వచ్చింది, ఇవాళ గ్యాస్ సగానికి పడిపోయింది, ఏం చేయాలి?" దీనికి జవాబు చెప్పాలంటే అంతకుముందు కొన్ని వారాలుగా ట్యాంకులో ఏం జరుగుతూ వచ్చిందో తెలియాలి. చాలామంది దగ్గర ఆ వివరమే ఉండదు.

లోపల తేడా వచ్చినప్పుడు ముందుగా పెరిగేవి ఆమ్లాలు. తర్వాత ఆ ఆమ్లాలను తట్టుకునే క్షారశక్తి కరుగుతుంది, గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ వాటా పెరుగుతుంది, ఆపైన పీహెచ్ (ద్రవం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) దిగుతుంది. గ్యాస్ పరిమాణం తగ్గడం దాదాపు చివరి లక్షణం. పైగా పేడ ఎక్కువ వేసిన మొదటి రోజుల్లో కార్బన్ డయాక్సైడ్ వల్ల గ్యాస్ కాస్త పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. అందుకే గ్యాస్ మీటరు ఒక్కదాన్నే నమ్ముకుంటే కబురు ఆలస్యంగా అందుతుంది. ఈ మార్గదర్శి మొత్తం ఆ కబురును ముందే అందుకోవడం గురించే.

## 1. నాలుగు దశలు, వాటి ఆనవాళ్లు

గాలి చొరబడని ట్యాంకులో పేడ నాలుగు దశల్లో గ్యాస్‌గా మారుతుంది. ఈ నాలుగూ ఒకే ట్యాంకులో, ఒకే సమయంలో నడుస్తుంటాయి. ఒకటి ముగిశాక ఇంకొకటి మొదలవుతుందని అనుకోకండి.

విచ్ఛేదన: పేడలోని పీచు, పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు నీటిలో కరిగే చిన్న అణువులుగా విడిపోతాయి. పశువుల పేడలో పీచు ఎక్కువ కాబట్టి ఇక్కడే ఎక్కువ కాలం పడుతుంది. ఈ దశ మందగిస్తే ట్యాంకు పాడవదు; గ్యాస్ నెమ్మదిగా వస్తుంది, బయటికొచ్చే స్లర్రీలో (పేడ, నీళ్లు కలిసిన చిక్కటి ద్రవంలో) పీచు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

ఆమ్లాల తయారీ: ఆ చిన్న అణువులు ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ లాంటి ఆమ్లాలుగా, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. ఈ పని చేసే బ్యాక్టీరియా గంటల్లోనే రెట్టింపవుతుంది. దీని జోరు ఎక్కువైతే ముక్కు పగిలే పులిసిన వాసన వస్తుంది.

ఎసిటేట్ తయారీ: ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు ఎసిటిక్ ఆమ్లంగా మారాలి. ట్యాంకులో హైడ్రోజన్ అతి తక్కువగా ఉంటేనే ఇది సాధ్యం. ఆ హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు ఖర్చు చేసేవి తర్వాతి దశ సూక్ష్మజీవులు. అవి నీరసిస్తే ఈ దశా ఆగుతుంది, ప్రొపియోనిక్ ఆమ్లం పేరుకుంటుంది.

మీథేన్ తయారీ: మీథేన్‌లో సుమారు 70 శాతం ఎసిటిక్ ఆమ్లం నుంచి, మిగతాది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలయిక నుంచి వస్తుంది. ఈ సూక్ష్మజీవులు రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. గాలి, చలి, ఆమ్లం, మందులు, ఏదీ వీటికి పడదు.

ఆమ్లం చేసేవి గంటల్లో పెరుగుతాయి, దాన్ని తినేవి రోజుల్లో పెరుగుతాయి. ట్యాంకులో వచ్చే తంటాల్లో చాలావాటికి మూలం ఈ తేడాయే. మనం పెట్టుకునే ప్రతి కొలతా వీటిలో ఎవరు ముందుకు పోతున్నారో, ఎవరు వెనకబడుతున్నారో చెప్పేదిగా ఉండాలి.

## 2. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

చిన్న ట్యాంకుకు తప్పనిసరిగా కావాల్సినవి:

- పేడ తూచే త్రాసు, నీళ్లు కొలిచే గుర్తులున్న బకెట్
- పొడవాటి తీగ ఉన్న థర్మామీటర్
- పీహెచ్ మీటరు, దాన్ని సరిచూసే 4, 7 బఫర్ ద్రావణాలు
- గ్యాస్ మీటరు, లేదా తేలే డ్రమ్ము (గ్యాస్ చేరేకొద్దీ పైకి లేచే మూత) ఉంటే దాని పక్కన స్కేలు
- పీడనం చూడటానికి నీళ్లు పోసిన యూ ఆకారపు గొట్టం
- లీకులు పట్టడానికి సబ్బు నీళ్లు
- హైడ్రోజన్ సల్ఫైడ్ హెచ్చరిక యంత్రం, చేతి తొడుగులు, కళ్లద్దాలు
- గీతలు గీసిన పుస్తకం

కాస్త పెద్ద ట్యాంకు అయినా, పేడ రకాలు తరచూ మారుతున్నా వీటిని కూడా చేర్చండి:

- 50 మిల్లీలీటర్ల బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం), 0.1 నార్మల్ గాఢత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం
- 105 డిగ్రీల ఓవెన్, 550 డిగ్రీల ఫర్నేస్, లేదా ఈ పరీక్షలు చేసిపెట్టే ప్రయోగశాల
- 100 మిల్లీలీటర్ల సిరంజి, కాస్టిక్ సోడా ద్రావణం

సెన్సర్ల గురించి ఒక మాట. లీకు హెచ్చరికకు వాడే చవక మీథేన్ సెన్సర్లు గాలిలో కొద్దిపాటి గ్యాస్‌ను పసిగట్టడానికి తయారైనవి. గ్యాస్‌లో మీథేన్ 55 శాతమా, 62 శాతమా అన్నది అవి చెప్పలేవు. శాతం కావాలంటే పరారుణ కాంతితో పనిచేసే సెన్సర్ తీసుకోండి, లేదంటే 8వ భాగంలో చెప్పిన సిరంజి పద్ధతి పాటించండి.

## 3. లోపలికి వెళ్లేదాన్ని కొలవడం

ఎంత వేస్తున్నామో తెలియకుండా ఎంత వస్తోందో కొలవడం వల్ల ఉపయోగం లేదు. "రోజుకు నాలుగు తట్టలు" అనేది కొలత కాదు. తడి పేడ, ఎండిన పేడ, గడ్డి కలిసిన పేడ ఒకే తట్టలో వేర్వేరు బరువు తూగుతాయి.

ఘన పదార్థం: తాజా పేడ కొంత తూచి 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక మారని దాకా ఆరబెట్టండి. సాధారణంగా ఒక రాత్రీ పగలూ పడుతుంది. మిగిలిన బరువే ఘన పదార్థం. పశువుల తాజా పేడలో ఇది 16 నుంచి 20 శాతం దాకా ఉంటుంది.

సేంద్రియ పదార్థం: ఆరిన ఆ నమూనానే 550 డిగ్రీల దగ్గర కాల్చండి. కాలిపోయిన భాగం సేంద్రియ పదార్థం, మిగిలిన బూడిద ఖనిజాలు, మట్టి. గ్యాస్ వచ్చేది సేంద్రియ భాగం నుంచే. పేడ ఘన పదార్థంలో ఇది 75 నుంచి 85 శాతం. ఇంతకంటే బాగా తక్కువ వస్తే పేడతో పాటు మట్టి, ఇసుక ఎత్తుకొస్తున్నారని అర్థం.

ఒక ఉదాహరణ లెక్క. రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు, ట్యాంకులో స్లర్రీ పరిమాణం 4 ఘనమీటర్లు అనుకుందాం.

- ఘన పదార్థం 18 శాతం: 9 కిలోలు
- అందులో సేంద్రియం 80 శాతం: 7.2 కిలోలు
- ట్యాంకు మీద భారం: 7.2 ÷ 4 = ఘనమీటరుకు రోజుకు 1.8 కిలోలు
- లోపల ఉండే కాలం: 4,000 ÷ 100 = 40 రోజులు
- కిలో తాజా పేడకు సుమారు 40 లీటర్ల చొప్పున ఆశించే గ్యాస్: దాదాపు 2 ఘనమీటర్లు

35 డిగ్రీల చుట్టూ స్థిరంగా ఉండే ట్యాంకు ఘనమీటరుకు 1 నుంచి 3 కిలోల భారం మోస్తుంది. వేడి చేసే ఏర్పాటు లేని ట్యాంకును 1.5 దాటించకపోవడం మంచిది. పై ఉదాహరణలోని 1.8 వేడి వాతావరణంలో నడిచిపోతుంది గానీ చలి రోజుల్లో తగ్గించాల్సిందే.

కార్బన్, నత్రజని నిష్పత్తి: 20 నుంచి 30 మధ్య ఉంటే మేలు. పశువుల పేడ సొంతంగానే దీనికి దగ్గరలో ఉంటుంది. కోళ్ల పెంటలో నత్రజని చాలా ఎక్కువ, నిష్పత్తి 10 దగ్గర ఉంటుంది. దాన్ని ఒంటరిగా వేయకండి. పశువుల పేడతోనో, సన్నగా తరిగిన గడ్డితోనో కలిపి వేయండి.

వేసే ముందు చూసుకోవాల్సినవి:

- రాళ్లు, ఇసుక, పొడవాటి గడ్డి, తాళ్లు ఏరేశారా?
- పేడ ఎన్నాళ్లది? ఎండలో రోజుల తరబడి పడి ఉన్న పేడలో గ్యాస్ ఇచ్చే భాగం చాలావరకు పోయి ఉంటుంది.
- పశువులకు ఈ మధ్య యాంటీబయాటిక్ ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఆ పశువు పేడను ట్యాంకులో వేయకుండా వేరుగా పోయండి.
- కొట్టం కడిగిన ఫినైలు నీళ్లు, బ్లీచింగ్ నీళ్లు, గిట్టలకు వాడిన మైలుతుత్తం నీళ్లు ఇన్‌లెట్‌లోకి పోవడం లేదు కదా?

## 4. కొత్త రకం పేడకు సీసా పరీక్ష

ట్యాంకులో ఎప్పుడూ వేయనిది వేయాలనుకుంటే ముందు సీసాలో చూడండి. నడుస్తున్న ట్యాంకు స్లర్రీని వడగట్టి, 37 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు పేడ ఏమీ కలపకుండా ఉంచితే దాని సొంత గ్యాస్ చాలావరకు పోతుంది. సేంద్రియ పదార్థం లెక్కన ఈ స్లర్రీ రెండు వంతులు, కొత్త పేడ ఒక వంతు కలిపి, గ్యాస్ బయటికి వెళ్లే దారి ఉన్న సీసాలో మూయండి. ఒక్క స్లర్రీ మాత్రమే ఉన్న సీసాను పక్కన పెట్టడం మరిచిపోకండి. దాని గ్యాస్‌ను తీసేస్తేనే పేడ ఇచ్చిన గ్యాస్ ఎంతో తెలుస్తుంది. రోజు గ్యాస్ వరుసగా మూడు రోజులు మొత్తంలో 1 శాతం కన్నా తక్కువకు పడితే పరీక్ష ముగిసినట్టే.

మొదటి రోజులే అసలు చూడాల్సినవి. వెంటనే పైకి లేచి చప్పబడితే అందులో తేలిగ్గా పులిసే పదార్థం ఎక్కువ అని, భారం నెమ్మదిగా పెంచాలని అర్థం. వారం దాటినా లేవకపోతే ఏదో అడ్డుకుంటోంది.

## 5. ట్యాంకు మొదలుపెట్టే దశ

ఇక్కడ తొందరే ప్రధాన శత్రువు.

1. పేడ, నీళ్లు సమపాళ్లలో కలిపి ఉండలు లేకుండా చిదమండి. ఘన పదార్థం 8 నుంచి 10 శాతానికి వస్తుంది.
2. బాగా నడుస్తున్న ట్యాంకు నుంచి స్లర్రీ తెచ్చి మొత్తం పరిమాణంలో 10 నుంచి 20 శాతం కలపండి. ఇంకా ఎక్కువ దొరికితే ఇంకా మంచిది. పశువుల పేడలో మీథేన్ సూక్ష్మజీవులు కొంత ఉంటాయి కాబట్టి పాత స్లర్రీ లేకున్నా మొదలవుతుంది, కాకపోతే ఆలస్యమవుతుంది. కోళ్ల పెంట విషయంలో పాత స్లర్రీ లేకుండా దిగకండి.
3. గ్యాస్ వాల్వు మూసి, రోజూ ఉష్ణోగ్రత, పీహెచ్, పీడనం రాసుకోండి. కొత్త పేడ వేయకండి.
4. మొదటి రోజుల్లో పీహెచ్ 6.5 కిందికి దిగవచ్చు. ఇది ఆమ్లాల దశ ముందుకు పోవడమే. పీహెచ్ మళ్లీ ఎక్కడం మొదలైతే మీథేన్ దశ అందుకుందన్నమాట.
5. మొదట నిండే గ్యాస్‌లో గాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. దాన్ని వెలిగించబోకండి. ఆరుబయట, నిప్పుకు దూరంగా వదిలేయండి. గాలితో కలిసిన మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది.
6. గ్యాస్ నిలకడగా మండడం మొదలయ్యాక, పీహెచ్ 6.8 దాటాక, రోజువారీ మోతాదులో నాలుగో వంతుతో వేయడం మొదలుపెట్టండి. వారానికో మెట్టు చొప్పున పెంచండి. మెట్టు ఎక్కాక కొలతలు స్థిరపడకపోతే తర్వాతి మెట్టు ఎక్కకండి.

ఈ దశకు రెండు మూడు వారాల నుంచి నెల పైన పడుతుంది. చల్లటి చోట ఇంకా ఎక్కువ. పదో రోజున పీహెచ్ దిగిందని సున్నం గుమ్మరించడం, గ్యాస్ రాలేదని ఇంకాస్త పేడ తోయడం, ఈ రెండు పనులే చాలా ట్యాంకులను మొదట్లోనే చెడగొడతాయి.

## 6. రోజూ తీసుకోవాల్సిన కొలతలు

ఉష్ణోగ్రత. థర్మామీటర్ మొన స్లర్రీ మధ్యలో ఉండాలి. గోడ దగ్గర, గ్యాస్ ఉన్న పైభాగంలో తీసిన అంకె లెక్కలోకి రాదు. లోపలికి పోనిచ్చే వీలు లేకపోతే అవుట్‌లెట్ నుంచి అప్పుడే వచ్చిన స్లర్రీలో చూడండి. మామూలు ట్యాంకులకు 35 నుంచి 37 డిగ్రీలు అనుకూలం. వేడి పద్ధతిలో నడిచేవి 50 నుంచి 55 మధ్య ఉంటాయి. 15 డిగ్రీల కింద గ్యాస్ బాగా తగ్గిపోతుంది. అంకె ఎంత అన్నదానికంటే ఎంత త్వరగా మారుతోంది అన్నది ముఖ్యం. రోజుకు ఒకటి రెండు డిగ్రీలకు మించి మారనివ్వకండి.

గ్యాస్ పరిమాణం. తేలే డ్రమ్ము ఉంటే లెక్క సులువు. 1.25 మీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము 10 సెంటీమీటర్లు లేస్తే సుమారు 123 లీటర్లు. గ్యాస్ వాడుకలో లేని సమయంలో, వాల్వు మూసి, రోజూ ఒకే వేళకు చూడండి. స్థిర గుమ్మటం ఉన్న ట్యాంకులో పీడనం చూసి పరిమాణం అంచనా వేయడం నమ్మదగింది కాదు. గ్యాస్ మీటరు పెట్టుకోండి.

రోజులను పోల్చేటప్పుడు వేడిని లెక్కలోకి తీసుకోవాలి. 35 డిగ్రీల దగ్గర తడిగా ఉన్న 1,000 లీటర్ల గ్యాస్, సున్నా డిగ్రీల పొడి గ్యాస్‌గా లెక్కిస్తే దాదాపు 837 లీటర్లే. ఎండాకాలంలో పెరిగినట్టు కనిపించే గ్యాస్‌లో కొంత వాటా ఈ వ్యాకోచానిది, నీటి ఆవిరిది.

పీహెచ్. తీసే పద్ధతి మీదే ఫలితం ఆధారపడుతుంది. అవుట్‌లెట్ గొట్టంలో నిలిచి ఉన్న స్లర్రీని ముందు వదిలేయండి. కొత్తగా వచ్చినదాన్ని పట్టి ఒకటి రెండు నిమిషాల్లోనే కొలవండి. ఆలస్యమైతే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పని అయ్యాక ఎలక్ట్రోడ్‌ను కడిగి, దానికి చెప్పిన ద్రావణంలో నిలవ ఉంచండి. స్లర్రీలోని సల్ఫైడ్ దాన్ని మెల్లగా పాడుచేస్తుంది కాబట్టి వారానికోసారి బఫర్లతో సరిచూడండి.

6.8 నుంచి 7.5 మధ్య ఉంటే బాగున్నట్టే. పేడ స్లర్రీ 7.8 దగ్గర కూడా హాయిగా నడుస్తుంది. 6.5 కింద మీథేన్ సూక్ష్మజీవులు చతికిలబడతాయి. అయితే పేడలో క్షారశక్తి ఎక్కువగా ఉండటం వల్ల ఆమ్లాలు బాగా పేరుకున్నా పీహెచ్ చాలాకాలం కదలదు. కదలడం మొదలుపెట్టాక మాత్రం చకచకా పడిపోతుంది. పీహెచ్ 7.2 ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోవడం వల్లే చాలామంది దెబ్బతింటారు.

## 7. వారానికోసారి: ఆమ్ల–క్షార నిష్పత్తి

ఈ మొత్తం మార్గదర్శిలో ఒక్క కొలతే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. అరగంట పని. ఆమ్లాలు ఎంత ఉన్నాయి, వాటిని తట్టుకునే శక్తి ఎంత ఉంది, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. ప్రయోగశాలల్లో దీన్ని ఫాస్–టాక్ అంటారు.

1. స్లర్రీ నమూనాను సన్నని జల్లెడలో వడగట్టండి. ప్రతిసారీ అదే జల్లెడ వాడండి.
2. వడగట్టిన ద్రవం 20 మిల్లీలీటర్లు బీకరులో తీసుకుని, పీహెచ్ ఎలక్ట్రోడ్ ముంచి, మెల్లగా కలుపుతూ ఉండండి.
3. బ్యూరెట్ నుంచి 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వదలండి. నురగ వస్తుంది, కాబట్టి పెద్ద బీకరు తీసుకోండి.
4. పీహెచ్ 5.0 చేరడానికి పట్టిన మిల్లీలీటర్లు రాసుకోండి. ఇది మొదటి అంకె.
5. 5.0 నుంచి 4.4 చేరడానికి అదనంగా పట్టినది రాసుకోండి. ఇది రెండో అంకె.

లెక్క:

- క్షారశక్తి = మొదటి అంకె × 250
- ఆమ్లాలు = (రెండో అంకె × 1.66 − 0.15) × 500
- నిష్పత్తి = ఆమ్లాలు ÷ క్షారశక్తి

ఉదాహరణకు మొదటి అంకె 36, రెండోది 3.6 వచ్చాయనుకోండి. క్షారశక్తి 9,000. ఆమ్లాలు 5.826 × 500, అంటే 2,913. రెండూ లీటరుకు మిల్లీగ్రాముల్లో. నిష్పత్తి 0.32.

దీన్ని ఇలా చదవాలి:

- 0.3 కింద: ట్యాంకుకు ఇంకాస్త పేడ పట్టే అవకాశం ఉంది.
- 0.3 నుంచి 0.4: బాగుంది, ఇలాగే సాగనివ్వండి.
- 0.4 నుంచి 0.5: మోతాదు పెంచకండి, మూడు రోజుల్లో మళ్లీ కొలవండి.
- 0.5 పైన: మోతాదు తగ్గించండి.
- 0.6 పైన: వేయడం ఆపండి.

ఈ గీతలు అన్ని ట్యాంకులకూ ఒకేలా వర్తించవు. కొన్ని ట్యాంకులు ఏళ్ల తరబడి 0.2 దగ్గర, ఇంకొన్ని 0.45 దగ్గర నిలకడగా నడుస్తాయి. మీ ట్యాంకు ఆరోగ్యంగా ఉన్న రోజుల అంకె ఎంతో ముందు తెలుసుకోండి. ఎప్పుడూ 0.25 ఉండేది రెండు వారాల్లో 0.38కి ఎక్కితే, పట్టిక ప్రకారం బాగున్నట్టే అయినా మీ ట్యాంకు మాత్రం దారి తప్పుతోంది.

వీలుంటే నెలకోసారి ఆమ్లాలను విడివిడిగా పరీక్ష చేయించండి. ఎసిటిక్ కంటే ప్రొపియోనిక్ పెరుగుతూ పోతుంటే మూడో దశ ఆగిందని, ప్రమాదం దగ్గరపడిందని గట్టి గుర్తు.

## 8. గ్యాస్ కూర్పు

మంచి గ్యాస్‌లో మీథేన్ 50 నుంచి 65 శాతం, మిగిలినదాంట్లో అధిక భాగం కార్బన్ డయాక్సైడ్. సిరంజితో చూసే పద్ధతి ఇది:

1. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 12 గ్రాముల కాస్టిక్ సోడా లెక్కన కొద్దికొద్దిగా నీళ్లలో వేసి కరిగించండి. ద్రావణం వేడెక్కుతుంది. కళ్లద్దాలు, తొడుగులు తప్పనిసరి.
2. గ్యాస్ గొట్టం నుంచి సిరంజిని ఒకటి రెండుసార్లు నింపి వదిలేసి, తర్వాత 50 మిల్లీలీటర్ల గ్యాస్ తీసుకోండి.
3. 10 మిల్లీలీటర్ల ద్రావణం లోపలికి లాగి, మూత పెట్టి నిమిషం పాటు ఊపండి.
4. మొనను ద్రావణంలో ముంచి మూత తీయండి. పోయిన కార్బన్ డయాక్సైడ్ స్థానంలోకి ద్రావణం ఎక్కుతుంది. పిస్టన్ బిగుసుకుంటే మెల్లగా కదపండి.
5. మిగిలిన గ్యాస్ ఎంతో చదవండి. 30 మిల్లీలీటర్లు మిగిలితే మీథేన్ సుమారు 60 శాతం.

గాలి చొరబడితే దాన్నీ మీథేన్‌గానే లెక్కిస్తాం. ఫలితం 70 దాటితే సంతోషించేముందు లీకులు చూడండి.

మంట కూడా చెబుతుంది. నీలంగా, స్థిరంగా ఉంటే మంచిది. వెలిగీ వెలగక ఆరిపోతుంటే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైనట్టు. మంట ఎగిరి బర్నరు వదులుతుంటే పీడనమో, గాలి రంధ్రమో సరిచేయాలి. పసుపుగా ఉంటే గాలి చాలడం లేదు. మంటను చూసి ట్యాంకు గురించి తీర్పు చెప్పేముందు బర్నరును శుభ్రం చేయండి.

## 9. తేడా వచ్చినప్పుడు: గుర్తించడం, సరిచేయడం

ఆమ్లం పేరుకోవడం. నిష్పత్తి పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, పులిసిన వాసన వస్తుంది. చేయాల్సిన వరుస ఇది:

1. పేడ వేయడం పూర్తిగా ఆపండి.
2. ఉష్ణోగ్రత పడిపోయిందేమో చూసి, పడితే నెమ్మదిగా తిరిగి తీసుకురండి.
3. కలపడం తేలిగ్గా సాగించండి. జోరుగా తిప్పితే హైడ్రోజన్‌ను ఇచ్చిపుచ్చుకునే సూక్ష్మజీవుల గుంపులు చెదిరిపోతాయి.
4. ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు స్లర్రీ దొరికితే పోయండి.
5. పీహెచ్ 6.5 కిందికి దిగితేనే సోడియం బైకార్బొనేట్ కొద్దికొద్దిగా వేసి, మరునాడు కొలిచి, మళ్లీ వేయండి.
6. నిష్పత్తి 0.4 కిందికి వచ్చాక నాలుగో వంతు మోతాదుతో మొదలుపెట్టండి.

సున్నం గురించి హెచ్చరిక: సున్నం ట్యాంకులోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది. గుమ్మటంలో పీడనం ఒక్కసారిగా పడి గాలి లోపలికి లాక్కోవచ్చు, అడుగున సున్నపురాయి పేరుకుంటుంది. వేరే దారి లేకపోతేనే, అదీ చాలా తక్కువగా వాడండి.

అమ్మోనియా ఎక్కువవడం. కోళ్ల పెంట, పంది పేడ వాడేవాళ్లకు వచ్చే చిక్కు. పీహెచ్ 8 దగ్గర కూర్చుంటుంది, గ్యాస్ తగ్గుతుంది, ఆమ్లాలూ పెరుగుతుంటాయి, కానీ అమ్మోనియా వాటిని కప్పేయడంతో పీహెచ్ దిగదు. అమ్మోనియా నత్రజని లీటరుకు 3,000 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్తపడాలి. వేడి, పీహెచ్ పెరిగేకొద్దీ దీని విషం పెరుగుతుంది. నీళ్లు పెంచండి, పశువుల పేడ వాటా పెంచండి, వేడి పద్ధతిలో ఉంటే ఉష్ణోగ్రత కాస్త దించండి. ఇక్కడ బైకార్బొనేట్ వేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది.

తెట్టు, మడ్డి. నిష్పత్తి బాగుంటుంది, పీహెచ్ బాగుంటుంది, అయినా గ్యాస్ నెలనెలా తరుగుతుంటే పైన గడ్డి తెట్టు కట్టిందో, అడుగున ఇసుక చేరిందో చూడండి. ఇసుక చేరితే ట్యాంకులో జాగా తగ్గి, పేడ లోపల ఉండే కాలం మీరు లెక్కేసిన 40 రోజులు కాస్తా 25 అవుతుంది.

లీకు. అన్ని అంకెలూ బాగుండి గ్యాస్ మాత్రం తక్కువైతే ముందు ఇదే అనుమానించండి. వాల్వు మూసి యూ గొట్టంలో మట్టం గుర్తించి, కొన్ని గంటల తర్వాత చూడండి. ఎక్కకపోగా దిగితే ప్రతి అతుకుకూ సబ్బు నీళ్లు రాయండి. గొట్టం పల్లంలో నీరు నిలిచినా గ్యాస్ ఆగుతుంది. అది లీకు కాదు, నీటి ఉచ్చు ఖాళీ చేస్తే చాలు.

మందుల ప్రభావం. నిన్నటిదాకా బాగుండి, భారం పెంచకుండానే ఒక్కసారిగా పడిపోతే కొట్టంలో ఏం మారిందో అడగండి. వేయడం ఆపి, పాత స్లర్రీ కలిపి, ఓపిక పట్టడమే మార్గం.

## 10. ప్రాణాలకు సంబంధించినవి

హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. అయితే 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100 వంతులు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుంది. 500 దాటితే స్పృహ తప్పుతుంది, 1,000 దగ్గర క్షణాల్లో ప్రాణం పోవచ్చు. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందని ఎప్పుడూ అనుకోకండి.

- ఖాళీ చేసిన ట్యాంకులోకి కూడా ఒంటరిగా, గాలి పరీక్ష చేయకుండా దిగకూడదు.
- లోపల ఎవరైనా పడిపోతే రక్షించడానికి వెంటనే దూకకండి. శ్వాస పరికరం ఉన్నవాళ్లను పిలవండి. ఇలాంటి ప్రమాదాల్లో రెండో ప్రాణం, మూడో ప్రాణం పోయేది ఈ దూకడం వల్లే.
- నమూనా తీసేచోట పొగ, నిప్పు, నిప్పురవ్వలు ఎగజిమ్మే యంత్రాలు ఉండకూడదు.
- గ్యాస్ గొట్టానికి మంట వెనక్కి పాకకుండా ఆపే అడ్డు ఉండాలి.
- పీడనం మితిమీరితే వదిలే ఏర్పాటును నెలకోసారి పరీక్షించాలి.

## 11. పుస్తకంలో ఏం రాయాలి

రోజుకో వరుస: తేదీ, వేసిన పేడ కిలోలు, నీళ్లు, స్లర్రీ ఉష్ణోగ్రత, పీహెచ్, గ్యాస్ పరిమాణం. వారానికోసారి నిష్పత్తి, మీథేన్ శాతం. చివరి గడి ఖాళీగా ఉంచి అందులో మాటల్లో రాయండి: మేత మారింది, ఆవుకు మందు ఇచ్చారు, రెండు రోజులు వేయలేదు, వాన నీళ్లు ఇన్‌లెట్‌లో పడ్డాయి. అంకెలు ఎందుకు మారాయో చెప్పేది ఆ గడే.

గ్యాస్ పరిమాణాన్ని ఒంటరిగా చూడకుండా, వేసిన కిలో సేంద్రియ పదార్థానికి ఎంత వచ్చిందో లెక్కకట్టండి. పేడ తక్కువ వేసిన రోజు గ్యాస్ తగ్గడం సమస్య కాదు. అంతే పేడ వేస్తున్నా కిలోకు వచ్చే గ్యాస్ వారం వారం తగ్గుతుంటే అది సమస్య.

## 12. బయటికొచ్చే స్లర్రీని చూడటం

దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ట్యాంకు తన పని ఎంతవరకు పూర్తిచేసిందో చెప్పేది ఇదే.

లోపలికి వెళ్లేదానిలో, బయటికి వచ్చేదానిలో సేంద్రియ పదార్థం వాటా కొలిచి ఈ లెక్క వేయండి: రెండింటి తేడాను, వెళ్లే వాటా నుంచి రెండింటి లబ్ధాన్ని తీసేయగా వచ్చినదాంతో భాగించాలి. వెళ్లేది 0.80, వచ్చేది 0.70 అయితే 0.10 ÷ (0.80 − 0.56), అంటే సుమారు 42 శాతం జీర్ణమైంది. పశువుల పేడకు 30 నుంచి 45 శాతం మామూలే, పీచు ఎక్కువ కాబట్టి ఇంకా ఆశించకూడదు. అడుగున మడ్డి పేరుకునే ట్యాంకులో ఈ లెక్క తప్పుతుందని గుర్తుంచుకోండి.

ఓవెన్, ఫర్నేస్ లేకపోతే సులువైన పద్ధతి ఉంది. అవుట్‌లెట్ స్లర్రీని సీసాలో సగం నింపి, మూతికి బెలూన్ బిగించి, ట్యాంకంత వెచ్చగా ఉండేచోట వారం రోజులు పెట్టండి. బెలూన్ కాస్త లేచి ఆగితే ఫరవాలేదు. రెండో రోజుకే గట్టిగా ఉబ్బితే, ట్యాంకులో రావాల్సిన గ్యాస్ బయట పోతోందని అర్థం. అప్పుడు నీళ్లు తగ్గించి లోపల ఉండే కాలాన్ని పెంచండి, లేదా అడుగు మడ్డి తీయించండి. ఆ మార్పు తర్వాత పేడ లోపల ఉండే కాలం ఒక విడత పూర్తయ్యేదాకా ఆగి, అదే సీసా పరీక్ష మళ్లీ చేసి రెండు ఫలితాలనూ పుస్తకంలో పక్కపక్కన రాయండి.